కట్ట మీద షికారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత రాతి కట్టల గురించే. వానలు పడ్డాయి, చెరువులు నిండాయి, మత్తడి (చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే గోడ) దూకే చోటికల్లా జనం బయల్దేరారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఇలాంటి కట్టల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకే కొన్ని జవాబులు పెద్దవయ్యాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది బహదూర్‌పురా. సెలవు దొరికితే పిల్లల్ని జూకి, అక్కణ్ణుంచి మీర్ ఆలం చెరువులో బోటింగ్‌కి తీసుకెళ్తుంటాం. అక్కడ కట్ట గోడ తిన్నగా లేకుండా వంపులు వంపులుగా ఉంటుంది. అందం కోసమే అలా కట్టారని మా మామయ్య అంటారు. రెండొందల ఏళ్లు దాటిన గోడ కదా, ఆ నీళ్ల మీద పిల్లల్ని పడవ ఎక్కించాలంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది. అది నిజంగా గట్టిదేనా?

జవాబు: చూడ్డానికి అందంగానే ఉంటుంది గానీ అందం కోసం కట్టింది కాదమ్మా. ఆ వంపులే గోడని నిలబెడుతున్నాయి.

మూడో ఆసఫ్ జా సికందర్ జా దగ్గర దివానుగా చేసిన మీర్ ఆలం పేరే ఆ చెరువుకి పెట్టారు. 1804లో పునాది పడింది, 1806కల్లా పని పూర్తయింది. 1799లో శ్రీరంగపట్నం యుద్ధానికి నిజాం సైన్యాన్ని నడిపించినవాడు ఆయనే. ఆ యుద్ధంలో తన వాటాకి వచ్చిన సొమ్ముని ఈ చెరువు మీద పెట్టాడని చెబుతారు. గోడకి ప్లాను గీసింది ఎవరన్న దాని మీద పుస్తకాలకి ఒక మాట లేదు. నిజాం కొలువులోని ఫ్రెంచి ఇంజనీర్లని కొన్ని, ఇంగ్లీషు ఇంజనీరని కొన్ని రాశాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. అంతకు ముందు తరాల హైదరాబాదుకి తాగునీళ్లిచ్చిన చెరువు ఇది.

ఇప్పుడు గోడ సంగతి. అందులో 21 కమానులున్నాయి. గుమ్మం మీద కమాను నిలువుగా ఉంటుంది కదా, ఇక్కడ దాన్ని పక్కకి పడుకోబెట్టారు. పైనుంచి చూస్తే సగానికి విరిచిన గాజుల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు కనిపిస్తుంది. గుండ్రటి వైపు నీళ్లకి ఎదురుగా ఉంటుంది. చిన్న కమాను ఈ కొస నుంచి ఆ కొసకి 20 మీటర్ల పైచిలుకు, పెద్దది 40 మీటర్ల పైనే. గోడ ఎత్తు ఎక్కువున్న చోట 12 మీటర్ల దాకా ఉంటుంది.

12 మీటర్ల లోతు నీళ్లంటే ఎంత బరువో చెప్తాను. అడుగున ఒక్కో చదరపు మీటరు మీద 12 టన్నుల ఒత్తిడి ఉంటుంది. పైనుంచి కింద దాకా కలిపితే, గోడ పొడవులో ఒక్కో మీటరుని 72 టన్నులు అవతలికి తోస్తుంటాయి. తిన్నటి గోడైతే ఆ తోపుని తన బరువుతోనే ఆపుకోవాలి. దానికి అడుగున ఎనిమిది మీటర్ల మందం కావాలి. ఎంత రాయి, ఎంత సున్నం, ఎంతమంది కూలీలు! కమాను కట్టినవాళ్లు వేరే లెక్క వేశారు. రాయీ సున్నమూ నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటాయి, లాగితే మాత్రం విడిపోతాయి. గుండ్రటి గోడని బయటి వైపు నుంచి నీళ్లు నొక్కుతుంటే రాళ్లు ఒకదానికొకటి ఇంకా దగ్గరగా బిగుసుకుంటాయే తప్ప విడిపోవు. ఆ తోపు గోడ వెంట నడిచి, రెండు కమానులు కలిసే చోట ఉన్న దిమ్మకి చేరుతుంది. దిమ్మ దాన్ని పునాదికి దించుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. కమాను సరిగ్గా అర్ధవృత్తం కాబట్టి దాని కొసల దగ్గర తోపు పక్క కమాను వైపు పోదు, నేరుగా వెనక్కి పోతుంది. అంటే ఏ కమానుకి ఆ కమాను తన భారం తనే మోసుకుంటుంది, పక్కదాన్ని నెట్టదు. కంప్యూటరు లేని రోజుల్లో చేసిన ఆలోచన ఇది. ఇలా వరస కమానులతో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే మొదటివాటిలో దీన్ని చెబుతారు. మన ఊళ్లో ఉందని మన పిల్లల పాఠాల్లో రాకపోవడం నాకు బాధ.

మీ టెన్షన్‌కి జవాబు: రాతికట్టు పాతబడినంత మాత్రాన బలహీనపడదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. రాళ్ల సందుల్లో సున్నం ఉందా, చెట్లు మొలిచాయా, గోడ కొసలు నేలని కలిసే చోట బాగుందా అనేవే అసలు చూసుకోవాల్సినవి. మీ పిల్లలకి ప్రమాదం గోడ వైపు నుంచి లేదు, పడవలో ఉంది. లైఫ్ జాకెట్ వేశామనిపించుకుంటే చాలదు, బకిల్స్ అన్నీ బిగించాలి, పిల్లల సైజుదే అడగాలి. పడవలో లేచి నిలబడనివ్వకండి. చుట్టూ పెరిగిన కాలనీల మురుగు ఆ చెరువులోకి చేరుతోంది, గుర్రపుడెక్క అలా కమ్ముకోవడానికి కారణం అదే. నీళ్లలో చేతులు పెడితే ఒడ్డుకి రాగానే సబ్బుతో కడిగించండి. పెద్ద వాన కురిసిన వారం మాత్రం వెళ్లొద్దు. చెరువు పొంగి జూలో సఫారీ వైపు నీళ్లు చేరిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: మాది ఎల్లారెడ్డి దగ్గర ఊరు. డిగ్రీ చదువుతున్నాను. పోచారం మత్తడి దూకుతోందంటే మా దోస్తులందరం పోతాం. దూకే నీళ్ల కింద నిలబడి స్నానం చేస్తే ఆ మజానే వేరు. మత్తడి గోడ మీద నడిచి అవతలికి పోయేవాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లోవాళ్లు తిడుతున్నారు. నీళ్లు మోకాళ్ల దాకానే కదా మేడమ్, అంత భయం ఎందుకు?

జవాబు: బాబూ, మజా ఉంటుందని నాకూ తెలుసు. ఆ నీళ్ల తుంపర ముఖం మీద పడితే నేనూ నవ్వుతాను. కానీ నువ్వు లోతు లెక్క చూస్తున్నావు, నేను వేగం లెక్క చూస్తున్నాను.

మోకాళ్ల లోతు నీళ్లు సెకనుకి రెండు మీటర్ల వేగంతో పోతుంటే, అంటే మనిషి బాగా తొందరగా నడిచినంత వేగం, నిలబడ్డవాడి కాళ్ల మీద పాతిక కిలోల పైన తోపు పడుతుంది. పాచి పట్టిన రాయి మీద నిలబడి పాతిక కిలోలు ఆపడమే కష్టం. వేగం రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది, వంద కిలోలు దాటిపోతుంది. అందుకే మత్తడి గోడ మీద చీలమండల లోతు నీళ్లున్నా నడవొద్దు. అక్కడ జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

దూకే నీళ్ల కింద సంగతి ఇంకా చెడ్డది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి పడే నీరు కిందికి చేరేసరికి గంటకి 40 కిలోమీటర్ల దగ్గర వేగం అందుకుంటుంది. కింద మడుగు ఉంటే ఆ నీరు నేరుగా అడుక్కి దిగి, అడుగునే ముందుకి పోతుంది. పైన ఉన్న నీరు మాత్రం ఆ ఖాళీ పూడ్చడానికి వెనక్కి, గోడ వైపు తిరుగుతుంది. ఒడ్డు నుంచి చూస్తే తెల్లటి నురగ ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది, అంతే. అందులో పడ్డవాడు పైకి తేలగానే పైనీరు వాణ్ణి గోడ దగ్గరికి లాక్కొస్తుంది, పడుతున్న నీరు మళ్లీ కిందికి నొక్కేస్తుంది. పైకి రావడం, లోపలికి పోవడం. ఆ నురగలో సగం గాలే కాబట్టి శరీరం మామూలు నీళ్లలో తేలినట్టు తేలదు, ఈత కొట్టినా చేతికి నీరు ఆనదు. ఈత బాగా వచ్చినవాళ్లే ఎక్కువగా ధైర్యం చేసి ఇందులో దిగుతారు. ఎత్తు తక్కువున్న మత్తడి దగ్గర కూడా ఇదే జరుగుతుంది. ఎత్తు చిన్నదని జనానికి భయం ఉండదు, అదే కొంప ముంచుతుంది.

ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఒక మత్తడి కింద నుంచి నీ ఈడు కుర్రాణ్ణి బయటికి తీస్తుంటే ఒడ్డున నిలబడి ఉన్నాను. వాడి కోసం దూకిన స్నేహితుణ్ణి కూడా తీశారు. రెండో ప్రాణం పోకుండా ఆపవచ్చు, అందుకే ఈ మాట గుర్తు పెట్టుకో: ఎవరైనా పడితే వెనకే దూకొద్దు. తాడు, చీర, పొడుగాటి కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాన్, ఏది దొరికితే అది ఒడ్డు నుంచే అందించాలి. 112కి ఫోన్ చేయాలి. మత్తడికి పోయేటప్పుడు బండిలో ఒక గట్టి తాడు పెట్టుకోవడం నీకు బరువేం కాదు.

ఇంకో సంగతి. నీ నెత్తిన ఎండ కాస్తుంటుంది, పైన ఎక్కడో వాన కురిసి ఉంటుంది. పోచారానికి నీళ్లు తెచ్చేది ఆలేరు వాగు, అది పైనున్న ఊళ్ల వాననంతా మోసుకొస్తుంది. తేటగా ఉన్న నీరు ఎర్రబడితే, పుల్లలూ గడ్డీ కొట్టుకొస్తే, మత్తడి చప్పుడు బరువెక్కితే, సెల్ఫీ సంగతి తర్వాత, ముందు ఒడ్డెక్కండి. చెప్పులూ ఫోన్లూ ఏరుకుంటూ ఆగకండి.

పోచారాన్ని చూడొద్దని నేననను. 1922లో పూర్తయిన కట్ట అది, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టింది. 2025 ఆగస్టు ఆఖర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద వాన విరుచుకుపడ్డప్పుడు, కట్టేనాడు లెక్క వేసుకున్న దానికన్నా ఎంతో ఎక్కువ వరద దాని మీద నుంచి దూకింది. రాతికట్టు నిలబడింది. కోత పడింది దాన్ని ఆనుకుని ఉన్న మట్టి వైపు. ఆ వార్త చూస్తూ రాత్రంతా మేలుకున్నాను. కింద ఊళ్లున్నాయి మరి. పక్కగా ఎత్తైన ఒడ్డు మీద కూర్చుని ఆ గోడని చూడు, మీ ఇంట్లోవాళ్లనీ తీసుకెళ్లు. పెద్దవాళ్లతో కూర్చుని సద్ది తినడానికి అంత మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. డిసెంబర్‌లో ఇండియా వస్తున్నాం. పిల్లలకి మత్తడి దూకడం చూపించాలని మా ఆవిడ కోరిక. పోచారం వెళ్లవచ్చా?

జవాబు: మత్తడి సాధారణంగా ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో దూకుతుంది, ఆలస్యంగా వానలు పడితే అక్టోబర్ దాకా. డిసెంబర్‌లో దూకే నీళ్లు కనిపించవు. అయినా వెళ్లండి. గోడ ఆరి ఉన్నప్పుడే రాళ్ల పేర్పు కనిపిస్తుంది, రాయి రాయికీ మధ్య సందు ఎంత సన్నంగా ఉందో పిల్లలు వేలు పెట్టి చూడొచ్చు. పక్కనే అభయారణ్యం ఉంది, మెదక్ చర్చి కూడా అదే దారిలో. పొద్దున్నే బయల్దేరితే అన్నీ ఒక రోజులో అవుతాయి.

ప్రశ్న: నేను రిటైర్డు టీచరుని. మా ఊరి చెరువుకి నిజాం కాలం నాటి రాతి మత్తడి ఉంది. వానాకాలంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూడ్డానికి వస్తారు. గోడ మీద రావి మొక్కలు మొలిచాయి, అవతలి వైపు తెల్లటి చారలు దిగాయి, ఒకచోట చెమ్మ ఉంది. మా కుర్రాళ్లు చందాలు వేసి గోడకి సిమెంటు పూత పూసి, రంగులు వేయించి టూరిస్టు స్పాటు చేద్దామంటున్నారు. మీ సలహా కావాలి.

జవాబు: మాస్టారూ, ఊరి కుర్రాళ్లు చెరువు కోసం చందాలు వేస్తున్నారంటే వాళ్లకి నా దండాలు. ఆ డబ్బు సిమెంటుకి మాత్రం ఖర్చు పెట్టనివ్వకండి.

మీ గోడలో ఉన్నది డంగు సున్నం. సున్నాన్ని నానబెట్టి, ఇసుకా సుర్కీ (ఇటుక పొడి) కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా అయ్యేదాకా నూరేవాళ్లు. దానికి కొంచెం సాగే గుణం ఉంటుంది. ఎండకి రాయి పెరిగినా, చలికి తగ్గినా సున్నం సర్దుకుంటుంది. సన్నటి బీటలు పడితే, చెమ్మతో కరిగిన సున్నమే వచ్చి వాటిలో పేరుకుని పూడ్చేస్తుంది. గోడలోని తేమ సందుల గుండా బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూత వేశారనుకోండి, ఆ తేమకి దారి ఉండదు. లోపలే నిలిచి సున్నాన్ని మెత్తబరుస్తుంది, కొన్నేళ్లకి సిమెంటు పెచ్చులుగా ఊడుతూ రాతి అంచుల్ని కూడా పీక్కుపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, పూతా రంగూ వేసిన గోడలో బీట పడ్డా, రాయి కదిలినా మనకి కనపడదు. నేను సర్వీసులో చూసిన పాత మత్తళ్లలో వరద కన్నా ఇలాంటి మంచి ఉద్దేశపు మరమ్మతుల వల్ల పాడైనవే ఎక్కువ. గోడ అడుగున నీరు కారడానికి వదిలిన చిన్న కంతలుంటాయి, లీకేజీ అనుకుని వాటిని కూడా పూడుస్తారు. పూడ్చనివ్వకండి, గోడ వెనక నిలిచే నీటికి అదే దారి.

తెల్లటి చారలు చూసి బెదరక్కర్లేదు. లోపలి నుంచి నీటితో వచ్చిన సున్నం గాలి తగిలి అలా గడ్డకట్టింది. కానీ చారలున్న చోట సందులు బోలుగా ఉన్నాయేమో చూడాలి, ఎందుకంటే ఆ సున్నం ఎక్కడి నుంచో పోయిందన్నమాటే కదా. చెమ్మ ఉన్న చోట సుద్దముక్కతో చుట్టూ గీత గీసి, పక్కన తేదీ వేయించండి. నెలకోసారి చూడండి. గీత దాటి పెరుగుతోందా? నీరు కారితే గాజు గ్లాసులో పట్టి వెలుగులో చూడండి. తేటగా, ఎప్పుడూ ఒకేలా వస్తుంటే తొందర లేదు. మట్టి రంగులో వచ్చినా, ముఖ్యంగా రాతి గోడ మట్టికట్టని కలిసే మూలలో అలా వచ్చినా, ఆ రోజే ఇంజనీర్లకి చెప్పాలి. లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం.

రావి మొక్కల పని వెంటనే పెట్టుకోండి. జానెడు మొక్కైతే వాన పడ్డ మర్నాడు, సందు తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా వస్తుంది. మోటు కట్టిన చెట్టయితే పీకొద్దు. వేళ్లు రాళ్లని పట్టుకుని ఉంటాయి, లాగితే రాయి కూడా వస్తుంది. కొట్టేసి, మోటు మళ్లీ చిగురించకుండా మందు పెట్టించి, వేరు ఎండాక ఆ బోలుని పలచటి సున్నపు ముద్దతో నింపాలి. పైన కొమ్మలు నరికి వదిలేస్తే లోపల వేరు ఇంకా లావెక్కుతుంది. సందుల మరమ్మతు ఎండాకాలంలో, నీళ్లు దిగాక. పాత వదులు సున్నం గీకి, కడిగి, తడిగా ఉన్నప్పుడే కొత్త డంగు సున్నం కూర్చి, కొన్నాళ్లు తడి గోనెలు కప్పాలి. పాత కోటల, గుళ్ల మరమ్మతులు చేసే మేస్త్రీలకి ఈ పని తెలుసు. ఏం చేసినా శాఖ అనుమతి తీసుకుని, వాళ్ల ఇంజనీరు ఎదురుగా చేయించండి.

ఇక కుర్రాళ్ల చందా మిగులుతుంది కదా. ఒడ్డున జనం నిలబడే చోట రెయిలింగ్ వేయించండి. మెట్లు బాగు చేయించండి. ఒక స్తంభానికి తాడూ, గాలి ట్యూబూ వేలాడదీయండి. ఆడవాళ్లకి మరుగుదొడ్డి కట్టించండి, అది లేక ఎంతమంది తల్లులు పిల్లల్ని తీసుకుని తొందరగా వెళ్లిపోతారో! చెత్తడబ్బాలు పెట్టండి. వచ్చినవాళ్లు పారేసే ప్లాస్టిక్ సీసాలు తూముకి అడ్డం పడితే ఆయకట్టు రైతుకి నీళ్లు సరిగ్గా అందవు. ఆ చెరువు ముందు ఆయన పొలానికి, తర్వాతే మన షికారుకి.

ప్రశ్న: వరంగల్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. డ్యాం సేఫ్టీ చట్టం వచ్చింది కదా, ఇలాంటి పాత చిన్న కట్టల్ని కూడా ఎవరైనా తనిఖీ చేస్తారా?

జవాబు: 2021 చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలన్నిటికీ వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి షరతులున్నాయి. పొడవు 500 మీటర్లకి తగ్గకుండా ఉండటం, కనీసం పది లక్షల ఘనపు మీటర్ల నీళ్లు పట్టడం, డిజైను మామూలుగా కాకుండా ఉండటం, ఇలాంటి వాటిలో ఒక్కటి ఉన్నా చట్టం కిందికి వస్తాయి. ఎత్తు పునాది అడుగు నుంచి కొలవాలి, నేల మీద నుంచి కాదు. పరీక్షలో చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు. చట్టం కిందికి వచ్చినవాటికి వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ తప్పనిసరి.

పది మీటర్ల లోపు ఉన్న మత్తళ్లు మన రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నాయి, వాటికి ఈ చట్టం లేదు. స్థానిక ఇంజనీరు చూడాలి, ఆయన చేతి కింద అలాంటివి ఎన్నో ఉంటాయి. కాబట్టి అక్కడికి షికారుకి పోయేవాళ్లే ఎక్కువసార్లు ఆ గోడని చూస్తారు. మీ కాలేజీవాళ్లు ఒక మత్తడిని ఎంచుకోండి. ఏటా మే నెలలోనూ, నవంబర్‌లోనూ ఒకే చోట నిలబడి ఒకే కోణంలో ఫొటోలు తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి. రాయి జరిగితే, సందు పెరిగితే రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టగానే తెలుస్తుంది. ఫిర్యాదు రాసేటప్పుడు "కట్ట ప్రమాదంలో ఉంది" అని రాయకండి. ఏ కొస నుంచి ఎన్ని మీటర్ల దూరంలో, ఎంత ఎత్తులో, ఏం కనిపించింది, ఏ తేదీన చూశారు, అవి రాసి ఫొటోలు జతచేసి సెక్షన్ ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. అలాంటి కాగితం వస్తే నేనైతే ఆ సాయంత్రమే కట్ట దగ్గరికి వెళ్లేదాన్ని.